సోమవారం సింహం కనబడదు

సంపాదకులు గారికి,

నమస్కారం. కార్తీకమాసం దగ్గర పడుతోంది. దాని వెనకే క్రిస్మస్, సంక్రాంతి సెలవులు. ఈ మూడు నెలలూ పత్రికలన్నీ "పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం" అంటూ రంగుల పేజీలు వేస్తాయి. జూ అనగానే, సఫారీ అనగానే నోరు తెరిచిన పులి బొమ్మ ఒకటి, పక్కన నాలుగు పొగడ్త వాక్యాలు. ఆ పేజీ చూసే కోనసీమ నుంచి, కాకినాడ నుంచి, భీమవరం నుంచి జనం బయల్దేరతారు. వాళ్లలో చాలామంది వేసిన గేటో, పడుకున్న సింహం వీపో చూసి తిరిగొస్తారు. పిల్లలు దారి పొడుగునా ఏడుస్తారు. ఆ రోజు చెడటానికి కారణం జంతువులూ కాదు, జూ సిబ్బందీ కాదు. వారంలో ఏ రోజు వెళ్లాలి, ఎన్నింటికి వెళ్లాలి, లోపలికి వెళ్లాక ముందు ఎటు నడవాలి అన్నది ఎవరూ చెప్పకపోవడమే. ఆ పులి బొమ్మ కింద రెండంగుళాల జాగా ఇస్తే ఇవన్నీ పట్టేస్తాయి. మీరు అచ్చు వేయాల్సినవేమిటో, ఎందుకో వివరంగా రాస్తున్నాం.

ముందుగా, వారంలో ఏ రోజు సెలవో ఆ సంగతి. విశాఖపట్నం ఇందిరాగాంధీ జూకి సోమవారం సెలవు. హైదరాబాద్ నెహ్రూ జూకి, భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్‌కి కూడా సోమవారమే. తిరుపతి శ్రీవేంకటేశ్వర జూకి, బెంగళూరు బన్నేర్‌ఘట్టకి మంగళవారం. వారంలో ఒక రోజు సందర్శకుల్ని రానివ్వకూడదన్నది జూల గుర్తింపు నిబంధనల్లోనే ఉంది. ఆ రోజు ఎన్‌క్లోజర్లు కడుగుతారు, కంచెలు బాగుచేస్తారు, జబ్బు చేసినవాటికి వైద్యం చేస్తారు. చాలా జూలలో పులులకీ సింహాలకీ వారానికో రోజు మాంసం పెట్టరు. అడవిలో వాటికి రోజూ వేట దొరకదు కదా, కడుపుకి ఆ విరామం మంచిదని.

మన గోదావరి జిల్లాల వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ మన దగ్గరే ఉన్నాయి. కార్తీక సోమవారం తెల్లవారుజామున అభిషేకం చేయించుకుని, ఎలాగూ బండి కట్టాం కదా అని అటునుంచి అటే విశాఖ వెళ్లి పిల్లలకి జూ చూపిద్దాం అనుకుంటారు. సామర్లకోట నుంచి మూడు గంటల పైన ప్రయాణం చేసి వెళ్తే గేటుకి తాళం. పండగ సోమవారం పడినప్పుడు ఒక్కోసారి తెరుస్తారు గానీ, అది ముందే కనుక్కోవాలి తప్ప నమ్ముకుని వెళ్లకూడదు. ఇక తిరుపతికీ బెంగళూరుకీ మన వాళ్లు ఎక్కువగా ఎక్కేది ఒకే రైలు, కాకినాడలో బయల్దేరే శేషాద్రి. సోమవారం ఎక్కితే మంగళవారం దిగుతారు. ఆ రోజు ఆ రెండు ఊళ్లలోనూ జూ ఉండదు. గౌతమిలోనో నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లోనో ఆదివారం రాత్రి ఎక్కి హైదరాబాద్‌లో సోమవారం దిగేవాళ్లదీ ఇదే గతి. టికెట్ తీసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. ఉత్తరాన ఉన్న విశాఖ, భువనేశ్వర్‌తో పాటు హైదరాబాద్‌కి సోమవారం సెలవు, దక్షిణాన తిరుపతికీ బెంగళూరుకీ మంగళవారం సెలవు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు సఫారీ అంటే ఏమిటో. విదేశాల వీడియోలు చూసి, మన కారులోనే సింహాల మధ్య తిరగొచ్చని చాలామంది అనుకుంటున్నారు. మన దేశపు జూలలో పులి, సింహం సఫారీ అంటే జూ వాళ్ల బస్సే. కిటికీలకి ఇనప జాలీ ఉంటుంది, లేదా బిగించేసిన అద్దం ఉంటుంది. సఫారీకి రెండు గేట్లు. బస్సు మొదటి గేటు దాటి మధ్యలో ఆగుతుంది, వెనక గేటు మూసి గడియ పడ్డాకే ముందు గేటు తీస్తారు. బయటికి వచ్చేటప్పుడూ అంతే. ఆ రెండు నిమిషాల ఆలస్యానికి విసుక్కుని డ్రైవరు మీద అరిచేవాళ్లుంటారు. రెండు గేట్లూ ఒకేసారి తెరిచి ఉన్న క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు కాబట్టే ఆ ఏర్పాటు. పిల్లలకి అక్కడే, ఆ గేట్ల మధ్య బస్సు ఆగినప్పుడే చెప్పండి ఇది ఎందుకో. ఆసక్తిగా వింటారు.

సఫారీ లేని భాగంలో, మామూలు జూ రోడ్ల మీద సొంత బండిని రానిస్తారా లేదా అన్నది జూ జూకీ మారుతుంది, ఒకే జూలోనే ఏటేటా మారుతుంది. బయల్దేరే ముందు రోజు జూ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. అడగాల్సినవి మూడే: రేపు తెరిచి ఉంటుందా, సఫారీ బస్సు తిరుగుతోందా, చివరి ట్రిప్పు టికెట్ ఎన్నింటి వరకు ఇస్తారు. బస్సు మరమ్మతులో ఉండటమో, వర్షానికి సఫారీ దారి బురద కావడమో ఉంటే గేటు దగ్గర బోర్డు పెడతారు గానీ, అమలాపురంలో ఉన్నవాళ్లకి ఆ బోర్డు ఎలా తెలుస్తుంది?

సింహం రోజులో పదహారు నుంచి ఇరవై గంటలు పడుకునే ఉంటుంది. పులి తెల్లవారాక కాసేపు, చీకటి పడే ముందు కాసేపు తిరుగుతుంది. పదకొండు దాటాక ఏ సఫారీలోనైనా కనిపించేది నీడలో నాలుగు కాళ్లూ చాపిన జంతువే. అయినా మన కుటుంబాలు సరిగ్గా పన్నెండింటికే సఫారీ కౌంటరు చేరతాయి. కారణం ఏమిటంటే ప్రవేశ టికెట్ ఒకటి, సఫారీ టికెట్ ఇంకొకటి. ఆ రెండో కౌంటరు చాలాచోట్ల లోపల కొంత దూరంలో ఉంటుంది. గేటు దాటగానే కోతులు కనిపిస్తాయి, తర్వాత చిలకలు, తర్వాత ఐస్‌క్రీం బండి. పిల్లలు ప్రతి చోటా ఆగుతారు. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది, క్యూ ఉంటుంది, బస్సు నిండితే గానీ కదలదు.

అందుకని రోజుని తిప్పి వేసుకోవాలి. గేటు తెరిచే వేళకి అక్కడ ఉండాలి. ప్రవేశ టికెట్ తీసుకున్న వెంటనే ఎక్కడా ఆగకుండా సఫారీ కౌంటరుకే వెళ్లాలి. నడవలేని పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి ఎక్కాలి. మొదటి బస్సో రెండో బస్సో ఎక్కితే, రాత్రి గదుల్లోంచి అప్పుడే వదిలిన జంతువులు హద్దులు వాసన చూసుకుంటూ తిరగడం కనిపిస్తుంది. తర్వాత దుప్పులు, కృష్ణజింకలు, అడవిదున్నలు. పది, పదకొండు మధ్య ఏనుగు, నీటిగుర్రం. ఎండ ముదిరాక పాముల గది, చెట్ల నీడలో ఉండే పక్షుల పంజరాలు. హైదరాబాద్‌లో అయితే నిశాచర జంతువుల గృహం. అక్కడ పగలు చీకటిగా, రాత్రి దీపాలు వేసి ఉంచుతారు కాబట్టి మనం వెళ్లే వేళకి అవి మేలుకుని ఉంటాయి, మనకీ చల్లగా ఉంటుంది. ఒంటిగంటకి భోజనం, ఒక గంట చెట్టు కింద నడుం వాల్చడం. మూడున్నరకి మళ్లీ పులుల ఎన్‌క్లోజర్ దగ్గరికి రండి. మాంసం పెట్టేది చాలా జూలలో సాయంత్రం, లోపలి గదుల్లో. ఆ వేళ దగ్గర పడేకొద్దీ పులి ఆ గది తలుపు వైపు అటూ ఇటూ పచార్లు చేస్తుంది. పొద్దున చూడలేనివాళ్లకి అదే రెండో అవకాశం.

బస్సులో ఏం చూడాలో కూడా ఎవరో ఒకరు పిల్లలకి చెప్పాలి. "అదిగో సింహం" అని వేలు చూపించడంతో అయిపోకూడదు. బస్సు ఆగినప్పుడు సింహం పొట్ట కింద చూడండి. ముందు కాళ్ల నుంచి వెనక కాళ్ల దాకా చర్మం సన్నటి మడతలా, వదులుగా వేలాడుతూ ఉంటుంది; నడిచినప్పుడు ఊగుతుంది. ఆసియా సింహానికి అది గుర్తు. మగదాని జూలు నెత్తిమీద పలచగా ఉండి చెవులు బయటికి కనిపిస్తాయి; ఆఫ్రికా సింహానికి జూలులో చెవులు మునిగిపోతాయి. ఆసియా సింహం స్వేచ్ఛగా తిరిగేది ప్రపంచం మొత్తం మీద గుజరాత్ గిర్ ప్రాంతంలోనే. 2025 లెక్కల్లో 891 తేలాయి. మన దేశంలోని కొన్ని జూలలో ఒకప్పుడు సర్కస్ ఆఫ్రికా సింహాలతో సంకరం జరిగింది కాబట్టి ఈ గుర్తులు సరిగా లేనివీ ఉంటాయి. పులి తల తిప్పితే చెవుల వెనక నలుపు మీద తెల్ల చుక్క చూడండి, వెనక నుంచి కన్నులా ఉంటుంది. తోక చివర కుచ్చుని సింహం ఎలా విసురుతుందో, ఈగలు వాలిన చెవిని ఎలా విదుల్చుతుందో చూస్తూ కూర్చుంటే, పడుకున్న సింహం దగ్గరైనా పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

మరో మాట. మన వాళ్లు కొమ్ములున్న ప్రతిదాన్నీ జింక అనేస్తారు. మన భాషలో ఇన్ని పేర్లుండగా అవి పిల్లలకి అందకుండా పోవడం మాకు బాధగా ఉంది. ఒళ్లంతా తెల్ల చుక్కలుంటే దుప్పి. ముదురు గోధుమ రంగులో, గుర్రమంత పెద్దగా, మెడ చుట్టూ గరుకు వెంట్రుకలుంటే సాంబర్, దాన్నే కణుజు అంటారు. ఈ రెంటికీ కొమ్ములు కొమ్మలుగా చీలతాయి, ఏటా రాలిపోయి కొత్తవి వస్తాయి. మెలి తిరిగిన రెండు కొమ్ములతో పైన నలుపు, పొట్ట తెలుపు ఉన్నది మగ కృష్ణజింక, మన రాష్ట్ర జంతువు. దాని కొమ్ములు రాలవు, చీలవు. పక్కన గోధుమ రంగులో ఉన్నవి దాని ఆడవి. నీలి బూడిద రంగులో ఆవులా ఉండేది మనుబోతు. మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టున్నది అడవిదున్న. ఈ అయిదు పేర్లూ ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికిచ్చి, కనబడ్డదానికల్లా టిక్కు పెట్టమనండి. ఫోన్ అడగరు.

ఫోన్ అనగానే ఫొటోల సంగతి. జాలీ ఉన్న బస్సులో ఫోన్‌ని వెనక్కి పట్టుకుంటే ఇనప గళ్లే వస్తాయి. కెమెరా కన్ను జాలీ కన్నంలో సరిగ్గా ఇమిడేలా ఆనించి పట్టాలి. ఫోన్ మాత్రం బస్సు లోపలే ఉండాలి. అద్దం ఉన్న బస్సులో కెమెరాని అద్దానికి తాకించి, చుట్టూ అరచేత్తో మూస్తే లోపలి నీడలు పడవు. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుంటే ప్రతి ఫొటోలోనూ ఆ చొక్కానే కనిపిస్తుంది, ముదురు రంగు మేలు. ఫ్లాష్ తప్పకుండా తీసేయాలి. ఫోన్‌కి మణికట్టు తాడు ఉండాలి, ఎందుకంటే సఫారీలో జారిపడ్డ ఫోన్ కోసం బస్సు ఆపరు, ఆపమని అడగనూ కూడదు. బస్సులో వెనక వరుస కూర్చోవద్దు. గోతుల దారి కాబట్టి కుదుపు ఎక్కువ, వాంతులు పట్టే పిల్లలకి అక్కడే మొదలవుతుంది. ముందు నుంచి రెండో మూడో వరుస మంచిది. అయిదేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకపోతే కిటికీ అంచు వాళ్లకి అందదు.

కడియం నర్సరీల్లో చిరుత తిరుగుతోందని 2024 సెప్టెంబరులో విన్నప్పుడు మన ప్రాంతంలో పొద్దుగూకితే బయటికి రావడానికి భయపడ్డారు. అదే మనుషులు సఫారీ బస్సు ఎక్కగానే జాలీ మీద కొడతారు, ఈల వేస్తారు, లేపడానికి డ్రైవరుని హారన్ కొట్టమంటారు. జంతువు లేవదు సరికదా, దారి వైపు రావడమే మానేస్తుంది. వెనక బస్సుల వాళ్లకి కూడా కనబడకుండా లోపలి పొదల్లోకి పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె సెక్షన్ దీనికోసమే ఉంది. జూలో జంతువుని ఆటపట్టించడం, గాయపరచడం, తినడానికి ఏదైనా పెట్టడం, చప్పుడు చేసి ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం అన్నీ నేరాలే. దుప్పులకి బిస్కెట్ పెట్టడం మంచిపని అనుకునేవాళ్లు చాలామంది. వాటి కడుపు గడ్డికీ ఆకుకీ తయారైంది. మైదా, పంచదార పడితే కడుపులో పులిసి ఉబ్బరిస్తుంది. ఇక బిస్కెట్‌తో పాటు కవరు కూడా మింగితే, అది నెమరు సంచిలో ముద్దగా పేరుకుపోతుంది. మన ఊరి చెత్తకుప్పల దగ్గర ఆవులు చచ్చిపోయేది దాంతోనే కదా.

తిండి మనమే పట్టుకెళ్లడం మేలు. కానీ జూలోకి ప్లాస్టిక్ కవర్లు రానివ్వరు. నీళ్ల సీసాకి చాలాచోట్ల చీటీ అంటించి డిపాజిట్ తీసుకుంటారు, బయటికొచ్చేటప్పుడు సీసా చూపిస్తే డబ్బు తిరిగిస్తారు. స్టీలు సీసాలైతే ఆ గొడవే లేదు. అయిదుగురికి రోజంతా కనీసం పది లీటర్లు కావాలి. నాలుగు లీటర్లు చేతిలో, మిగతాది బండిలో. ఓఆర్‌ఎస్ పొట్లం పెద్దది లీటరు నీళ్లకి ఒకటి, కలిపింది ఆ రోజే తాగాలి. మధ్యాహ్నానికి దద్దోజనాన్ని మించింది లేదు, అయితే పెరుగు కలిపి తీసుకెళ్తే పన్నెండుకే పులిసిపోతుంది. అరకిలో బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక ముప్పావు లీటరు కాచిన పాలు, రెండు చెంచాల పెరుగు కలిపి తెల్లవారుజామున డబ్బాలో పెడితే దారిలోనే తోడుకుని భోజనం వేళకి కమ్మగా ఉంటుంది. పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, ముందు పాడయ్యేది అదే. రావులపాలెం అరటిపళ్లు గెలతో పెట్టుకెళ్లడం మన వాళ్లకి అలవాటు. వాటిని చేత్తో పట్టుకుని జూలో నడవకండి. పంజరాల్లో లేని కోతులు చాలా ఉంటాయి, తిరుపతిలో మరీను. పళ్లు చేతి సంచి లోపల, అదీ జిప్పు వేసి ఉండాలి. కోతి సంచి పట్టుకుంటే లాగకండి, వదిలేయండి. లాగితే కరుస్తుంది.

దారి గురించి రెండు మాటలు. కాకినాడ నుంచి విశాఖ జూకి నూట యాభై కిలోమీటర్ల పైమాటే. అమలాపురం నుంచి యానాం, కాకినాడ, కత్తిపూడి మీదుగా అయితే రెండొందలు దాటుతుంది, టీ ఆగుళ్లతో అయిదు గంటలు. గేటు తెరిచే వేళకి చేరాలంటే తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాలి. నవంబరు, డిసెంబరుల్లో ఆ వేళ మన రోడ్లు ప్రమాదం. కాలవ గట్టు రోడ్ల మీద మంచు దట్టంగా పడుతుంది, గట్టుకి అడ్డగోడ ఉండదు, మలుపు కనిపించదు. అదే రోజుల్లో సార్వా కోతలు. రోడ్డుకి ఒక పక్కన ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్ల పట్టా కప్పుతారు. మంచులో ఆ నల్ల పట్టా తారు రోడ్డులో కలిసిపోతుంది. టైరు రాయెక్కితే బండి కాలవలోకే. అందుకని కోనసీమ వాళ్లు ముందు రోజు సాయంత్రమే వెళ్లి విశాఖలో పడుకోవడం మంచిదని మా గట్టి అభిప్రాయం. గది అద్దె ఖర్చే గానీ, డ్రైవరుకి నిద్ర దొరుకుతుంది. ఒకే రోజులో పదిగంటలు నడిపి, మధ్యలో ఎండలో జూ తిరిగిన డ్రైవరు రాత్రి తిరుగు ప్రయాణంలో అన్నవరం దాటేసరికి కునుకు తీస్తాడు. పిల్లలతో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే సీట్లకి మించి ఎక్కించకండి. బయల్దేరే ముందు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. ఎంత గాలి అన్నది డ్రైవరు వైపు తలుపు తీస్తే స్తంభం మీద అంటించి ఉంటుంది. పూర్తి బరువుకి వేరే అంకె ఉంటుంది, అది చూడాలి.

విశాఖ జూకి రెండు గేట్లున్నాయి. ఒకటి జాతీయ రహదారి వైపు, రెండోది సముద్రం వైపు సాగర్‌నగర్ దగ్గర. మధ్యలో ఉన్నది 625 ఎకరాలు. ఒక గేటు దగ్గర బండి పెట్టి రెండో గేటు దగ్గర తేలితే, ముసలివాళ్లతో వెనక్కి నడవలేక అవస్థ పడతారు. బండి ఏ గేటు దగ్గర ఉందో కుటుంబంలో ప్రతి ఒక్కరికీ తెలియాలి. చిన్నపిల్లల జేబులో ఆ గేటు పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి. తిరుపతి జూ అయితే 5,532 ఎకరాలు. అందులో అడవే ఎక్కువ గానీ, నడిచి చూద్దామనుకునే చోటు మాత్రం కాదు. కొండ మెట్లెక్కి దర్శనం చేసుకున్న మర్నాడే అక్కడికి వెళ్లేవాళ్లు మోకాళ్లని లెక్కలోకి తీసుకుని బ్యాటరీ బండి టికెట్ కూడా ముందే తీసుకోవాలి. షుగరు ఉన్న పెద్దవాళ్లు సఫారీ క్యూలో నిలబడక ముందే ఏదైనా తినాలి. బస్సు ఎక్కాక దిగడానికి లేదు, మూత్రానికి ఆపడానికీ లేదు.

పిల్లల దగ్గరికి అమెరికా, కెనడా, ఇంగ్లండ్ వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అక్కడ సొంత కారు నడుపుకుంటూ వెళ్లే సఫారీలు నిజంగానే ఉన్నాయి. ఆఫ్రికా బయట ఇలాంటిది మొదట తెరిచింది ఇంగ్లండులో లాంగ్‌లీట్ దగ్గర, 1966లో. మర్నాడే అన్నట్టు 1967లో అమెరికా ఫ్లోరిడాలో లయన్ కంట్రీ సఫారీ, 1969లో కెనడాలో ఆఫ్రికన్ లయన్ సఫారీ వచ్చాయి. అక్కడ బస్సు డ్రైవరు ఉండడు, తప్పు జరిగితే మన చేతుల్లోనే జరుగుతుంది. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేసి, అద్దాల బటన్లు డ్రైవరు దగ్గరే లాక్ చేయాలి. మనవడికి మూత్రం వస్తే తలుపు తీసి పక్కన కూర్చోబెట్టడం మనకి అలవాటు. అక్కడ ఒక్క అడుగు కూడా దిగకూడదు. లోపలికి వెళ్లే ముందే అందరూ బాత్రూంకి వెళ్లిరావాలి. గుడ్డ పైకప్పు కార్లని రానివ్వరు. ముందు కారు ఆగితే మన ఇంజను ఆపకండి, రెండు కార్ల మధ్య జాగా వదలండి. కారు చెడిపోతే దిగి బానెట్ ఎత్తకూడదు, హారన్ కొట్టి లైట్లు వెలిగించి కూర్చుంటే గస్తీ బండి వస్తుంది. కోతులున్న భాగంలో వైపర్లు, రబ్బరు పట్టీలు పీకేస్తాయి. అందుకే ఆ భాగం తప్పించుకునే పక్కదారి ఉంటుంది. అద్దె కారు అయితే ఆ పక్కదారే పట్టండి, అలాంటి నష్టం బీమాలోకి వస్తుందో రాదో ముందే చూసుకోండి. కొన్ని చోట్ల మేత డబ్బా అమ్మి, అద్దం దించి పెట్టనిస్తారు. అక్కడైనా నిప్పుకోడి వస్తే డబ్బా కారులో పెట్టేసి అద్దం ఎత్తేయడం మంచిది, అది తల మొత్తం లోపలికి పెట్టేస్తుంది.

మూడేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకి, మంచాన పడి లేచిన పెద్దవాళ్లున్న ఇళ్లకి ఇంత దూరం ఎందుకు? కాకినాడ పక్కనే కోరంగి ఉంది. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. నీటికుక్కలు, బావురుపిల్లి ఉండే చోటు. మడ చెట్ల మధ్య కొయ్య వంతెన మీద నడిచి పూట గడపొచ్చు. అక్కడ మాత్రం గడియారం కాదు, పోటూ పాటూ (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) చూసుకోవాలి. పడవ తిరగాలంటే పోటు ఉండాలి. బురదలో ఎగిరే చేపలు, ఎర్రకాళ్ల పీతలు కనబడాలంటే పాటు ఉండాలి. ఆ వేళ రోజుకి ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం పొద్దున ఎనిమిదికి పడవ దొరికిందని, వచ్చే ఆదివారం అదే వేళకి వెళ్తే బురదే ఉంటుంది. తీరం వెంబడి జాలర్లని ఎవర్నడిగినా చెప్తారు. ఏలూరు వైపు వాళ్లకి కైకలూరు దగ్గర ఆటపాక ఉంది. చలికాలంలో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే చోటు. పొద్దున ఏడులోపు వెళ్తే ముక్కు కింద సంచిలోంచి పిల్లలకి చేప అందించడం స్పష్టంగా కనిపిస్తుంది.

సంపాదకులు గారూ, మీరు వేసే ఆ పర్యాటక పేజీలో, ప్రతి జూ పేరు పక్కనా మూడు చిన్న లైన్లు ఉండాలని మా విన్నపం. వార సెలవు. గేటు తెరిచే వేళ, సఫారీ చివరి టికెట్ వేళ. జూ ఆఫీసు ఫోన్ నంబరు. కార్తీకంలో పంచారామాలకి ప్రత్యేక బస్సులు వేసే ఆర్టీసీ డిపోల్లోనూ, విహారయాత్రకి అనుమతి కాగితం పంపే బడుల్లోనూ ఈ మూడు లైన్లు అంటిస్తే ఇంకా మేలు. బడి యాత్రలు వేసేవాళ్లకి మరో మాట: సోమవారం బడికి సెలవు పెట్టి జూకి తీసుకెళ్దామనుకునే ముందు ఈ ఉత్తరంలో రెండో పేరా ఒక్కసారి చదవండి.

ఇట్లు,
జీవశాస్త్రం చెప్పే కొందరు ఉపాధ్యాయులు, టూరిస్టు వ్యాను డ్రైవర్లు,
అమలాపురం